విప్పని కవరు

జయమ్మాళ్ కార్డు గీకి గీకి నాలుగు సవర్ల గొలుసు చేయించుకుందట. దాన్ని బీరువాలో బట్టల అడుగున దాచిందట. బ్యాంకువాళ్లు వచ్చి అడిగితే మొగుణ్ణి ముందుకు తోసి తాను గ్రైండరు వెనక నక్కిందట. ఆ మొగుడు తాగి ఉండబట్టే తన చెయ్యి తానే తీసుకుపోయి రుబ్బురాయి కింద పెట్టుకున్నాడట. ఇదంతా పొద్దున్నే పాలబూతు దగ్గర పక్కింటి లోగనాయకి చెప్పిందట, అదీ కర్పూరం మీద ఒట్టు పెట్టి.

"ఆమె అనింది నేను చెప్తా ఉండా. నా మాట కాదమ్మా," అంది అమ్మాయమ్మ, గంజి ఫ్లాస్కు బెంచీ మీద పెడుతూ. వెనక సందులో ఉండే ముసలమ్మ. టౌను బస్సెక్కి పెద్దాసుపత్రికి వచ్చింది. గంజితోపాటు ఆ వార్త కూడా మోసుకొచ్చింది. దింపుకుంటేగానీ ఆమెకు ఊపిరాడేలా లేదు.

జయమ్మాళ్ నిన్న సాయంత్రం నుంచి చీర మార్చలేదు. కుచ్చిళ్ల మీద పడ్డ పిండి ఎండి పెళ్లలు కట్టింది. కొన్ని పెళ్లలు తెల్లగా ఉన్నాయి, కొన్ని ఇటుకరంగు తిరిగాయి.

"నాలుగు సవర్లా?" అంది. "మూడు లచ్చల పైన అవుతాది పెద్దమ్మా. మావు అమ్మి మూడు లచ్చలు యాడ తెస్తా? ఆ లోగనాయకికి లెక్క తెలీదా?"

"లెక్క ఎవురికి కావాల? గొలుసు కావాల."

లోపలి నుంచి నర్సు వచ్చి నటేశన్ తాలూకు ఎవరని అడిగింది. జయమ్మాళ్ లేచింది. నర్సు ఒక కాగితం, పెన్ను చేతికిచ్చి సంతకం పెట్టమంది. జయమ్మాళ్ పెన్ను పట్టుకుని, "దీంట్లో ఏం రాసుంది, చదివి చెప్పమ్మా," అని అరవంలో అడిగింది. "అంతా చదువు. చిన్నచ్చరాలు కూడా."

నర్సు ఆమె మొహం చూసింది. విసుక్కోకుండా చదివింది. కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు నలిగిపోయాయి, ఎముక పిండి అయింది, తీసెయ్యాలి. మధ్యవేలు ఉంటుందో లేదో తర్వాత చెప్తారు.

జయమ్మాళ్ సంతకం పెట్టింది.

*

కోసపాళయంలో వాళ్లది మావు కొట్టు. మావు అంటే ఇడ్లీకి, దోసెకి రుబ్బిన పిండి. వీధివైపు గదిలో రెండు పెద్ద గ్రైండర్లు, బియ్యానికి ఒకటి, ఉద్దిపప్పుకు ఒకటి. నానబోసి తెచ్చుకున్నవాళ్లకు కిలోకు ఇరవై రూపాయలు తీసుకుని రుబ్బి ఇస్తారు. సొంతంగా రుబ్బిన మావు కిలో పాకెట్టు నలభై. సాయంత్రం నటేశన్ సైకిలు మీద ఇందిరా నగర్ దాకా పోయి ఇంటింటికీ వేసి వస్తాడు. గది అద్దె, కరెంటు, సరుకు పోగా నెలకు పన్నెండు వేలు మిగిలితే ఆ నెల బాగా గడిచినట్టు.

తాత ముత్తాతల నుంచి ఈ అరవ ఊళ్లోనే ఉన్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు అక్షరాలు ఇద్దరికీ రావు. సంతకం అరవంలోనే. కానీ గిరాకీల ఎదుట చెప్పుకోవలసిన గుట్టేదైనా ఉంటే తెలుగులో అనేసుకుంటారు. ఈమె పోయిన వారం బాకీ ఇంకా ఇవ్వలేదు, ఆ బియ్యంలో నూకలెక్కువ, ఆయన గిన్నెకు సొట్టపెట్టి మనల్నంటున్నాడు. ఎదుటివాళ్లు నవ్వుతూ నిలబడే ఉంటారు. ఆ భాష వాళ్ల ఇంటికి రెండో తలుపులాంటిది. గడియ వేసుకుని ఏమైనా మాట్లాడుకోవచ్చు.

పద్నాలుగు నెలల కిందట ఇళవరసన్ అనేవాడు వచ్చాడు. బ్యాంకు పేరు అచ్చేసిన చొక్కా, మెడలో బిళ్ల. నోరు తెరిస్తే అక్కా తప్ప మాట లేదు.

"అక్కా, ఇప్పుడు చిల్లర ఎవరిస్తారక్కా? ఈ క్యూఆర్ అట్ట గోడకు తగిలించు. ఫోనుతో గీస్తారు, నీ ఖాతాలో పడుతుంది. పడిందో లేదో నీకెట్లా తెలియాలి? ఇదిగో ఈ స్పీకరు అరుస్తుంది. నలభై రూపాయలు వచ్చినాయి అని. నువ్వు పిండి చేతులతో ఫోను ముట్టుకునే పనే లేదు."

పిండి చేతుల సంగతి ఎత్తేసరికి జయమ్మాళ్ మెత్తబడింది. మనసు తెలిసినవాడిలా ఉన్నాడనుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని, వాడు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టింది. ఐదు చోట్ల. తెలిసినవాళ్ల నంబరు ఒకటి కావాలంటే పక్కింటి లోగనాయకిది ఇచ్చింది. ఫోనుకు వచ్చిన ఆరంకెల నంబరు స్పీకరు కోసమే అంటే చదివి చెప్పింది.

పదిరోజులకు కొరియరులో దళసరి కవరొకటి వచ్చింది. ఆ వేళ శుక్రవారం. స్పీకరుకు గ్యారంటీ కాగితమై ఉంటుందన్నాడు నటేశన్. ఏదైతేనేం, బ్యాంకు నుంచి ఇంటికొచ్చిన కాగితం అంటే లక్ష్మి. జయమ్మాళ్ దాన్ని విప్పలేదు. నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో దీపం వెనక నిలబెట్టింది. అగరొత్తి పొగకు ఆ కవరు నెలనెలా కొంచెం నల్లబడుతూ వచ్చింది.

స్పీకరు అరుస్తూనే ఉంది. నలభై వచ్చినాయి, ఇరవై వచ్చినాయి, ఎనభై వచ్చినాయి. పోయేవాటికి మాత్రం అది అరవదు.

గ్రైండరు రాయి అరిగిపోయింది, కొత్తది వేయించాలని ఎనిమిది వేలు తీద్దామని ఆమె బ్యాంకుకు పోయిన రోజున ఖాతాలో రెండు వందల పన్నెండు రూపాయలున్నాయి. కౌంటరులో పిల్ల పాసుబుక్కు అచ్చేసి ఇచ్చి, "కార్డుకు పోయిందమ్మా," అంది.

"ఏం కార్డు?"

"క్రెడిట్ కార్డు. నీ పేరు మీద ఉంది కదా. దానికీ మాకూ సంబంధం లేదు. ఈ నంబరుకు ఫోను చెయ్యి."

ఫోను చేస్తే ఇంగ్లీషుకు ఒకటి, హిందీకి రెండు నొక్కమంది. ఆమె ఎర్ర బొత్తాం నొక్కి పెట్టేసింది.

ఆ తర్వాత వాళ్లే ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. పొద్దున ఎనిమిదికొకడు, మిట్టమధ్యాహ్నం ఒకడు. ఇంకా పంతొమ్మిది వేల మూడు వందలు కట్టాలట. కట్టకపోతే మొగుడి ఫోటో వీధి మొగదలలో అంటిస్తారట. ఒకడు ఆమె వయసెంతని అడిగి, ఆ డబ్బు ఇంకో విధంగా సంపాదించే దారి చెప్పాడు. యాభై మూడేళ్ల మనిషి, ఫోను చెవి నుంచి దూరంగా పెట్టి, అది బల్లిలాంటిదేదో అన్నట్టు చూసింది. ఆమె ఎత్తకపోతే లోగనాయకికి చేశారు. మీ పక్కింటావిడ కార్డు గీకి తినేసి తప్పించుకు తిరుగుతోంది, మీరు చెప్పండమ్మా అన్నారు. లోగనాయకి చెప్పింది. వాళ్లకు తప్ప వీధి అంతటికీ.

*

నిన్న సాయంత్రం ఆరుంబావుకు, గ్రైండర్లు రెండూ తిరుగుతుండగా, ఇద్దరొచ్చారు.

ముందొచ్చినవాడు ఉదయకుమార్. పేరు వాడే చెప్పాడు, పెళ్లికి పిలవడానికి వచ్చినంత మర్యాదగా. వెనకవాడు పేరు చెప్పలేదు. గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డాడు. వెలుతురు సగం వాడే ఆపేశాడు. మావుకు వచ్చిన ఇద్దరాడవాళ్లు గిన్నెలు పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయారు.

"ఈ రోజు ఏదో ఒకటి కట్టు అన్నా," అన్నాడు ఉదయకుమార్ అరవంలో. "ఐదు వేలు. లేదా రెండు వేలు. వట్టి చేత్తో పోతే మా ఆఫీసులో మమ్మల్ని తంతారు."

నటేశన్ ఎవరితోనూ గొడవ పెట్టుకునే మనిషి కాదు. సైకిలు గంట కూడా గట్టిగా కొట్టడు. మూడు నెలల ఫోన్లకు ఆయన నిద్ర పోయింది, తిండి పోయింది. రెండు వేలు పారేస్తే ఈ వారం ఊరుకుంటారనుకున్నాడు. లోపలికి తిరిగి, "జయా, ఆ రెండు వేలు తే," అన్నాడు తెలుగులో.

జయమ్మాళ్ అప్పుడే దేవుడి గూట్లో దీపం వెలిగించి ఒత్తి సరిచేస్తోంది. శుక్రవారం దీపం పెట్టాక ఆ ఇంట్లోంచి డబ్బు గడప దాటదు. ఆమె అత్త నాడూ దాటలేదు, అత్తకు అత్త నాడూ దాటలేదు. గ్యాసు తెచ్చినవాడైనా, చీటీవాడైనా శనివారం రావలసిందే. ఆ వీధిలో బాకీలున్న వాళ్లందరికీ అది తెలుసు. తెలిసి శనివారమే వస్తారు.

ఆమె లోపలి నుంచే అరిచింది. తెలుగులో. రెండో తలుపు వేసుకున్నాననే ధైర్యంతో.

"ఇయ్యబాక! దీపం పెట్టినా, శుక్రవారం! బీరువాలో ఉండాదని చెప్పబాక ఆ నా బట్టలకు. దుడ్డు లేదు, రేపు రాండి అని చెప్పి తరిమెయ్యి."

నటేశన్ వాళ్లవైపు తిరిగి, అరవంలో, "డబ్బు లేదప్పా, రేపు రండి," అన్నాడు.

ఉదయకుమార్ నవ్వాడు. ఆ నవ్వు నటేశన్‌కు అర్థం కాలేదు. వాడు గది దాటి లోపలి గుమ్మం దగ్గరికి వచ్చి, జయమ్మాళ్ వైపు చూసి, కాలాపేట వైపు తెలుగు ఇళ్లల్లో మాట్లాడే తెలుగులో, ఆమె పుట్టింటి తెలుగులో అన్నాడు.

"దుడ్డు బీరువాలో ఉండాదంట గదా పెద్దమ్మా. మా ఇంట్లో కూడా శుక్రవారం ఇయ్యరు. తీసుకుంటారు."

జయమ్మాళ్ వేలు దీపపు ఒత్తికి తగిలి చురుక్కుమంది. అప్పటిదాకా ఆమెకు భయం లేదు. అరవంలో బెదిరించినవాడంటే భయం లేదు. ఇంట్లోని మాట వాడి నోట్లోంచి రాగానే చీర లాగేసినట్టయింది.

"నా బట్టలు అన్నావే, ఎవుర్ని?" అన్నాడు వాడు. ఇప్పుడు నవ్వు లేదు.

రెండోవాడు గుమ్మం వదిలి బియ్యపు గ్రైండరు దగ్గరకొచ్చి, "దీన్ని ఎత్తుకుపోదాం," అన్నాడు. నటేశన్ పరుగెత్తి దాన్ని వాటేసుకున్నాడు. ఆ గ్రైండరు పద్దెనిమిదేళ్ల కిందట ఆమె గాజులమ్మి కొన్నది. వాడు నటేశన్‌ను నడుం మీద తన్నాడు. నటేశన్ వదల్లేదు. మెడ మీద గుద్దాడు. వదల్లేదు. తొట్టి లోపల మావు గిర్రున తిరుగుతూనే ఉంది.

"ఏం పట్టు పట్టినావు మామా," అన్నాడు ఉదయకుమార్, ఈసారీ తెలుగులోనే. వచ్చి నటేశన్ కుడి మణికట్టు పట్టుకున్నాడు. విడదీస్తాడనుకున్నారు ఇద్దరూ. వాడు విడదీయలేదు. తొట్టి లోపలికి అణిచాడు. తిరిగే తొట్టికీ తిరగని రాయికీ నడుమకు.

శబ్దం చిన్నదే. పప్పులో రాయి పడితే వచ్చేపాటి శబ్దం. నటేశన్ నోరు తెరిచాడు గానీ ముందు అందులోంచి ఏమీ రాలేదు. తెల్లటి మావులో ఎర్రటి చార ఒకటి పుట్టి, ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టుకు వెడల్పయింది. అప్పుడు వచ్చింది కేక.

జయమ్మాళ్ స్విచ్చు కొట్టింది. కొట్టిన చేత్తోనే, రాయిని లేపడానికి మూలన పెట్టే ఇనపకమ్మి అందుకుంది. ఉదయకుమార్ తల తిప్పుతుండగా చెవి మీద పడింది ఆ దెబ్బ. చెవి సగానికి చీలి వేలాడింది. రెండో దెబ్బ భుజం మీద, మూడోది గోడ మీద. నాలుగోదానికి వాళ్లు మెట్ల కింద ఉన్నారు. వీధి మొత్తం గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూసింది. ఒక్కరూ మెట్టు దిగలేదు, లోగనాయకితో సహా.

బండి స్టార్టు చేస్తూ వాడు చెవి అదిమి పట్టుకుని అరిచాడు. "నీ మీద కేసు పెడతా పెద్దమ్మా! నీ శుక్రవారం నీ దగ్గరే పెట్టుకో!"

లోపల గోడమీద స్పీకరు అరిచింది. అంతకుముందే ఎవరో గీసి పోయిన నలభై రూపాయలు వచ్చాయని.

*

పోలీసు స్టేషనులో కాగితం తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, కేసు కట్టలేదు. అవతలవాడు కూడా కాగితం ఇచ్చాడన్నారు. చెవికి ఏడు కుట్లు. ఆడమనిషి ఇనపకమ్మితో కొడితే అది చిన్న సెక్షను కాదు, మాట్లాడుకోండి అన్నారు.

నటేశన్ పదో రోజు ఇంటికొచ్చాడు. రెండు వేళ్లు లేవు. మూడోది ఉంది గానీ వంగదు. పాకెట్టుకు రబ్బరుబ్యాండు వెయ్యబోయి మూడుసార్లు జారవిడిచి, నాలుగోసారి పళ్లతో లాగాడు. జయమ్మాళ్ అటు చూడనట్టే తూకం వేసుకుంది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. నువ్వు అరవకుండా ఉంటే అనలేదు, ఆ రెండు వేలు పారేసి ఉంటే అనలేదు. అన్నా బాగుండేదేమో. అనకపోవడంతో అది ఆమె లోపలే రుబ్బుతూ ఉండిపోయింది.

గిరాకీ పడిపోయింది. నెత్తురు కలిసిన తొట్టి, దాంట్లో రుబ్బిన మావు తింటారా అందట లోగనాయకి. తొట్టి మార్పించింది జయమ్మాళ్, ఆరు వేల ఐదువందలు అప్పు చేసి. తొట్టి మార్చారని ఎవరూ ఒట్టు పెట్టి చెప్పలేదు. రోజుకు నలభై కిలోలు పోయేది పదిహేనుకు దిగింది. ఇందిరా నగర్ పాకెట్లు ఆమే నెత్తిన పెట్టుకుని నడిచి వేసి రావడం మొదలుపెట్టింది.

అక్కడే సౌందరరాజన్ దొరికాడు. సహకార సంఘంలో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి, వీళ్ల తెలుగే. పదేళ్లుగా వారానికి రెండు పాకెట్ల గిరాకీ. నటేశన్ రాలేదేమని అడిగితే, ఆమె గుమ్మంలో గంప దించి, అంతా చెప్పింది. శుక్రవారం అరిచిన మాట ఒక్కటి తప్ప.

"కార్డు నువ్వు అడిగినావా?" అన్నాడాయన.

"స్పీకరు అడిగినా."

"ఒక్కసారైనా గీకినావా?"

"యాడిది గీకేది? కవరు విప్పితే గదా!"

ఆయన కుర్చీలోంచి లేచాడు. "విప్పలేదా? ఇప్పుడు యాడుండాది?"

"దేముడి గూట్లో."

అరవై ఎనిమిదేళ్ల మనిషి అప్పటికప్పుడు చొక్కా తొడుక్కుని ఆమెతో కోసపాళయానికి వచ్చాడు. దీపం వెనక నిలబడి ఉన్న కవరును, నాలుగు మూలల పసుపునూ, నడుమ కుంకుమనూ చూసి పకపకా నవ్వాడు. నటేశన్ కూడా నవ్వబోయి మానుకున్నాడు.

"అమ్మా తల్లీ, ఎవురూ దీన్ని ముట్టుకోబాకండి. కొరియరు తేదీ కూడా ఉండాది మీద. వంద మంది వకీళ్లు చెయ్యలేని పని నీ పసుపు చేసింది." ఆయన అటూ ఇటూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు.

తర్వాత మూడు రోజులు ఆ ఇంటి నేల మీద కాగితాలు పరిచాడు. పాసుబుక్కు, బ్యాంకు నుంచి తెప్పించిన కార్డు లెక్కలు. జయమ్మాళ్ మావు రుబ్బుతూ విన్నది. గీకని కార్డుకు సంవత్సరం రుసుము తొమ్మిది వందల తొంభై తొమ్మిది, దాని మీద పన్ను. కార్డు పోకుండా బీమా అని పదిహేను వందలు. ఆ రుసుము వేళకు కట్టలేదని జరిమానా, జరిమానా మీద పన్ను, మొత్తానికి వడ్డీ, వడ్డీ కట్టనందుకు మళ్లీ జరిమానా. ఇట్లా ఖాతాలోంచి లాక్కున్నది పదకొండు వేల నాలుగు వందల అరవై.

"ఒక్క ఇడ్లీ తినలేదు నేను దాంతో," అంది ఆమె.

"అడక్కుండా కార్డు అంటగట్టి డబ్బు లాగితే, లాగింది తిరిగియ్యాల. దానికి రెండింతలు జరిమానా బ్యాంకే నీకియ్యాల. రిజర్వు బ్యాంకు రాసి పెట్టింది. అడిగేవాళ్లు లేక అది అట్లే ఉండాది."

మూడింతలంటే ముప్పై నాలుగు వేల మూడు వందల ఎనభై. నటేశన్ ఆ అంకె విని కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు.

బ్యాంకుకు రాశారు. ఆరంకెల నంబరు ఆమే చెప్పింది కాబట్టి కార్డు ఆమె ఇష్టంతోనే పుట్టిందని జవాబొచ్చింది. మళ్లీ రాశారు. ముప్పై రోజులు చూసి, బ్యాంకుల మీద తీర్పు చెప్పే పై ఆఫీసుకు కవరు ఫోటోలతో, ఆసుపత్రి కాగితంతో, చేతి ఫోటోతో పంపారు. దానికి ఖర్చు లేదు. ఉంటే పంపేవాళ్లు కాదు.

ఈ నడుమ ఒక శుక్రవారం, దీపం పెట్టాక, పాలవాడు వచ్చాడు. శుక్రవారమని తెలిసి పాలు పోసి పోబోయాడు. జయమ్మాళ్ పిలిచి నెల డబ్బు చేతికివ్వబోయింది. వాడు చెయ్యి చాపలేదు.

"రేపు తీసుకుంటాలే అక్కా, శుక్రవారం కదా."

ఆమె ఆ నోట్లను పాలక్యాను మూతకింద దోపి లోపలికి వచ్చేసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

*

మూడో నెలలో బ్యాంకునుంచి ఫోను వచ్చింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది. మేనేజరు త్యాగరాజన్‌గారు ఒకసారి రమ్మంటున్నారు, పెద్దాయన్ను కూడా తీసుకురండి.

ముగ్గురూ పోయారు. అద్దాల గది, చల్లగాలి, చెప్పులు బయట విప్పబోతే వద్దన్నారు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. త్యాగరాజన్ పక్కన చెన్నై నుంచి వచ్చిన ఇంకో ఆఫీసరున్నాడు. టీ ముట్టుకోలేదు.

"మీకు జరిగింది మాకు చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు త్యాగరాజన్ అరవంలో. "కార్డు రద్దు చేశాం. కట్టాలన్న పంతొమ్మిది వేలు కొట్టేశాం. మీ పదకొండు వేల చిల్లరా తిరిగి ఇస్తున్నాం. రెండింతల జరిమానా కూడా. ముప్పై నాలుగు వేల మూడు వందల ఎనభై, ఈ పూటే మీ ఖాతాలో పడుతుంది."

నటేశన్ కళ్లు మూసుకుని తెరిచాడు. అప్పు, మూడు నెలల అద్దె, మందులు, అన్నీ ఆ అంకెలో పట్టేస్తాయి.

"ఇదొక్కటి సంతకం పెట్టండి." త్యాగరాజన్ కాగితం ముందుకు తోశాడు.

జయమ్మాళ్ దాన్ని సౌందరరాజన్ వైపు జరిపింది. "చదువన్నా. అంతా."

ఆయన చదివాడు. మొదట గడగడా, తర్వాత మెల్లగా. బ్యాంకు సద్భావంతో ఇస్తున్న మొత్తం అందింది. ఇకమీదట ఏ ఫిర్యాదూ లేదు. పై ఆఫీసుకు పంపినది వెనక్కి తీసుకుంటున్నాను. నా భర్త చేతి గాయం మా కొట్టులో గ్రైండరు పని చేస్తుండగా ప్రమాదవశాత్తు జరిగినది. దానికీ బ్యాంకుకూ, బ్యాంకు పంపిన ఏ వ్యక్తులకూ సంబంధం లేదు.

చదవడం అయ్యాక ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"అట్లా జరగలేదే," అంది జయమ్మాళ్.

"మాట కోసం రాసిందమ్మా అది. ఆ వసూళ్ల ఏజెన్సీ కుర్రాడు మీ మీద కేసు పెట్టాడు. చెవి తెగింది. అది నడిస్తే మీరు లోపలికి పోతారు. మీరిది పెడితే వాడు అది తీసేస్తాడు. రెండు వైపులా సరి."

జయమ్మాళ్ సౌందరరాజన్ మొహం చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గెలిచినావు జయమ్మాళ్," అన్నాడు తెలుగులో, లోగొంతుకతో. "ఇంత దాకా ఎవురూ రాబట్టలేదు. కేసంటే ఏండ్లు పడతాది. తీసుకో."

నటేశన్ ఎడమచేత్తో పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "పెట్టెయ్ జయా. నేను ఏమీ అనుకోను. వేళ్లు ఎట్లాగూ రావు గదా."

ఆయన నోటి నుంచి ఆ విషయంలో వచ్చిన మొదటి మాట అది. ఆమె పెన్ను తీసుకుంది. కాగితం దగ్గరికి లాక్కుంది. వేలు పెట్టి చూపించాడు త్యాగరాజన్, ఇక్కడ, ఇక్కడ, వెనక ఇక్కడ.

పని అయిపోతోందన్న తేలికలో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "అసలు ఆ రోజు రెండు వేలు చేతిలో పెట్టి పంపేసుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా. వాడే చెప్పాడు, బీరువాలో డబ్బు పెట్టుకుని శుక్రవారమని అరిచారట. ఈ కాలంలో కూడా ఏంటమ్మా ఇవి? మీ చేతులారా చేసుకున్నారు."

సౌందరరాజన్ తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆయనకు ఈ సంగతి తెలియదు. నటేశన్ తల దించుకున్నాడు. మూడు నెలలుగా ఇంట్లో ఎవరూ అనని మాట, ఆమె పాలక్యాను మూతకింద దోపిన మాట, అద్దాల గదిలో టీ కప్పుల నడుమ పడింది.

"అవును," అంది జయమ్మాళ్ తెలుగులో. "నేనే అరిచినా. నా ఇంట్లో, నా దీపం కాడ అరిచినా. బాకీ లేని దుడ్డు రేపు రాండి అన్నా. అది నా తప్పే అనుకుని నేను అన్నం తినలా ఇన్ని దినాలు."

త్యాగరాజన్‌కు తెలుగు పూర్తిగా అర్థమైనట్టు లేదు. చెన్నై ఆఫీసరుకు మాత్రం అర్థమైనట్టుంది, మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏమంటున్నారు?" అన్నాడు త్యాగరాజన్. "పెడుతున్నారా లేదా? ముప్పై నాలుగు వేలమ్మా. ఇంకేం కావాలి మీకు?"

జయమ్మాళ్ కాగితాన్ని తిరగేసింది. వెనకవైపు ఖాళీగా ఉన్న చోటును ఆయన వైపు తిప్పి, పెన్ను దాని మీద పెట్టి, వాళ్లకు తెలిసేలా అరవంలో, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది.

"నా సంతకాలు మీ దగ్గర శానా ఉన్నాయి సార్. ఈసారి మీరు పెట్టండి. వాళ్లను పంపింది మేమేనని రాసి, దాని కింద."